ప్రింటరుకో ఇల్లు

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఉద్యోగంలో చేరే రోజున మా నాన్న నా చెయ్యి పట్టుకుని, "ఒరే నూకరాజూ, పైవాళ్ళు కాయితం మీద ఏది రాస్తే అది చెయ్యి. నీ సొంత తెలివి వాడకు" అన్నాడు. ఆయన చేపల రేవులో తట్టలు మోసిన మనిషి. ఆయన మాట నేను తప్పలేదు. ఇక్కడ జరిగిందంతా కాగితం మీద రాసి ఉన్నదేనని, ఒక్కచోట తప్ప నా తెలివి ఎక్కడా వాడలేదని ముందుగా మనవి చేసుకుంటున్నాను.

మాది వృద్ధ రంగస్థల కళాకారుల గుర్తింపు కార్యాలయం. గోదావరి పక్కన ఒక జిల్లా కేంద్రంలో, పాత కలప గోదాములో ఉంటుంది. నాటకాలాడి ముసలివాళ్ళై, చూసుకునే దిక్కు లేనివాళ్ళకు గుర్తింపు కార్డులివ్వడం మా పని. ఆ కార్డుంటే పెద్దాసుపత్రిలో కంటి ఆపరేషను ఉచితం. నేను చేరిన కొత్తలోనే పైనుంచి ఒకే కవరులో రెండు ఉత్తర్వులొచ్చాయి.

మొదటిది: "ఫొటో స్టూడియోలవారు ముఖములకు మెరుగులు దిద్దుచున్నట్లు ప్రభుత్వ దృష్టికి వచ్చినందున, ఇకపై కార్డులపై అంటించు రంగు ఫొటోలను కార్యాలయమునందే తీసి, కార్యాలయమునందే ముద్రించవలెను."

రెండోది: "పొదుపు చర్యలలో భాగముగా కార్యాలయ ప్రింటర్ల కొనుగోలు నిషేధించడమైనది."

రెండింటి కిందా సంతకం ఒకరిదే.

మా ప్రత్యేకాధికారి వైకుంఠరావు గారు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చదివారు. "ఇందులో ఇబ్బందేముందయ్యా? రెండూ అమలు చేద్దాం" అన్నారు.

అప్పటికే వరాలమ్మ గారు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పౌరాణిక నాటకాల ట్రూపులో బతుకంతా గడిపిన మనిషి. రెండు కళ్ళలోనూ శుక్లాలు. కార్తీక మాసంలో ఆసుపత్రివాళ్ళు పెట్టే శిబిరంలో ఆపరేషను చేయించుకోవాలని, అది దాటితే కుడికన్ను మీద ఆశ వదులుకోవలసిందేనని డాక్టరు చెప్పాడట. దానికి కార్డు కావాలి. కార్డుకి ఫొటో కావాలి.

"నా కార్డు పుట్టిందా బాబూ?" అని రోజూ అడిగేవారు.

"ఫొటో ప్రింటరు రావాలి మామ్మగారూ."

"ఫొటో దేనికయ్యా? మనిషిని ఎదురుగా కూచునుంటేనూ."

"మీరు ఫైల్లో పట్టరు కదండీ" అన్నాను. నేను ఉన్నమాటే చెప్పాను. ఆవిడ మాత్రం బెంచీ ఊగిపోయేలా నవ్వారు.

"బాగా చెప్పావు. ఏ నాటకంలోనూ పట్టలేదులే నేను. అన్నిట్లోనూ చెలికత్తెనే. రుక్మిణి ఏడిస్తే కళ్ళు తుడవడం, కృష్ణుడొస్తే చామరం విసరడం. ఒక్కరాత్రి, ఒకే ఒక్క రాత్రి కృష్ణుడి వేషం కట్టిస్తావా అని మా మేనేజర్ని అడిగితే, నీ మొహానికి నీలం రంగు దండగ అన్నాడు, సచ్చినోడు."

*

ప్రింటరు ఎంపిక కమిటీలో వైకుంఠరావు గారు అధ్యక్షులు, నేను సభ్యుణ్ణి, అటెండరు తాతారావు మోసేవాడు. నేను ముందే ఈ విషయం చదువుకుని వెళ్ళాను. మిషను చవగ్గా ఇచ్చి సిరా డబ్బీల దగ్గర పిండేవి కొన్ని, మిషను ఖరీదెక్కువైనా సీసాతో సిరా పోసుకునేవి కొన్ని. నాలుగు రంగులవి చాలు అంటారు గాని, ముసలివాళ్ళ ముఖాల్లో ముడతలు మట్టిలా కాక మనిషిలా కనిపించాలంటే ఆరు రంగులవి మేలు. ఇదంతా నోట్ రూపంలో సమర్పించాను. వైకుంఠరావు గారు దాని మీద "చూచితిని" అని రాసి, "అయినా హుందాగా ఉండేది చూడాలయ్యా" అన్నారు.

దుకాణం బంగార్రాజుగారిది. ఆరు రంగుల మిషను చూపించి మా ఎదురుగానే అందులోంచి ఒక ఫొటో తీశాడు. చంటిపిల్ల బుగ్గ, బుగ్గ మీద దిష్టిచుక్క. కాగితం తడితే పిల్ల లేస్తుందేమో అన్నట్టుంది.

"కానీ ఇది ఆఫీసులకి కాదండి" అన్నాడు బంగార్రాజు. "పుట్టినరోజు ఫొటోలూ, పెళ్ళిచూపుల ఫొటోలూ ఇంట్లోనే తీసుకుంటారు చూడండి, ఆళ్ళకండి. ఆఫీసులో పెడితే కంపెనీవోడు వారంటీ ఇవ్వడండి, ఆయ్."

వైకుంఠరావు గారు కుర్చీలో ముందుకు జరిగారు. "అంటే ఇది కార్యాలయ ప్రింటరు కాదంటావు!"

"కానే కాదండి."

"ఆ సంగతి పెట్టె మీద రాసుందా?"

"పెద్దచ్చరాలతో ఉందండి. ఇంటి వాడకానికి మాత్రమే అని."

"నూకరాజూ, నిషేధం దేని మీద?"

"కార్యాలయ ప్రింటర్ల మీద సార్."

"కట్టించు."

పెట్టె తాతారావు నెత్తి మీదికెక్కుతుంటే బంగార్రాజు నన్ను పక్కకి పిలిచాడు. "ఓ మాటండి. వారానికోసారైనా ఓ రంగు ఫొటో తీస్తా ఉండాలండి. మిషను ఊరికే కూచుంటే సిరా లోపల ఎండిపోద్దండి. ముందు ఎర్రరంగు పోద్ది, తరవాత పసుపు. నీలం ఒక్కటే మొండి ముండాకొడుకండి, అంత తొరగా పోదు."

నేను దాన్ని రాసుకుని ఫైల్లో పెట్టాను.

*

మేం పెట్టె విప్పి, మిషను బయట పెట్టి, మీట నొక్కేలోపే తనిఖీ అధికారి సీతాపతి గారు వచ్చేశారు. ఆయన వస్తువుల జోలికి పోరు. పెట్టెల మీది రాతలు మాత్రం చదువుతారు. చదివి, అక్కడే నిలబడి రాశారు: "ఇంటి వాడకమునకు మాత్రమే ఉద్దేశించిన వస్తువును కార్యాలయమున వాడుట దుర్వినియోగము. ఇల్లు చూపించువరకు వాడరాదు." మిషను చుట్టూ పురికొస చుట్టి లక్క ముద్ర వేశారు.

"సార్, వారానికో ఫొటో తియ్యకపోతే సిరా ఎండిపోతుందటండి" అన్నాను.

"ఎండిపోవుటకు అభ్యంతరము లేదు" అన్నారు సీతాపతి గారు.

ఆయన వెళ్ళాక వైకుంఠరావు గారు గదిలో అటూ ఇటూ నడిచారు. "ప్రింటరు ఆఫీసుది కాలేకపోయింది. దాని తప్పేం లేదు. మరి ఆఫీసే ఇల్లవ్వాలి. పాత ఫైళ్ళ గది ఖాళీ చేయించు."

ఆ సాయంత్రమే ఇల్లంటే ఏమిటో నిర్ణయించడానికి సమావేశం జరిగింది. పొయ్యి ఉండవలెనని వైకుంఠరావు గారు అన్నారు. గుమ్మానికి పసుపు, గోడకి తిథివార నక్షత్రాల క్యాలెండరు ఉండవలెనని నేనన్నాను. తాతారావు తల గోక్కున్నాడు.

"ఇల్లన్నాక ఎక్కడో ఓ చోట వానకి కారాలండి."

"అది ఇప్పటికే ఉంది" అని వైకుంఠరావు గారు ఆ గది కప్పు వైపు చూసి నమోదు చేయించారు.

మంచి రోజు చూసి పాలు పొంగించాం. "గృహప్రవేశ సమయమున పాలు విధిగా పొంగవలెను, పొంగని యెడల సంబంధిత ఉద్యోగి సంజాయిషీ ఇచ్చుకొనవలెను" అని ముందే ఉత్తర్వు ఉంది కాబట్టి నేను పొయ్యి ముందు నుంచి కదల్లేదు. పాలు పొంగాయి. వైకుంఠరావు గారు సంతకం చేశారు. నన్ను ఇంటి యజమానిగా, తాతారావుని తమ్ముడిగా తాత్కాలిక ప్రాతిపదికన నియమించారు. తాతారావు నాకంటే పెద్దవాడు. ఆ సంగతి మనవి చేస్తే, "సీనియారిటీ తరవాత చూద్దాం" అన్నారు.

సీతాపతి గారు వచ్చి పొయ్యి చూశారు, పసుపు చూశారు, కప్పు కింద పెట్టిన బకెట్టు చూసి తలూపారు. తరవాత మా ఇద్దర్నీ చూశారు.

"మీకు పెళ్ళయిందా?"

"లేదండి" అన్నాను.

"నాకయ్యింది గానండి, ఆవిడ పుట్టింటికెళ్ళిపోయి చానాళ్ళయ్యిందండి" అన్నాడు తాతారావు.

"అయితే ఇది ఇల్లు కాదు. ఈ ఊళ్ళో పెళ్ళికాని వాళ్ళకి ఇల్లు ఎవరైనా అద్దెకిస్తారా? ఇవ్వరు. గదే ఇస్తారు. కాబట్టి మీరుండేది గది" అని పురికొసకి ఇంకో ముడి వేశారు.

ఆ మాట నిజమే. నేను అద్దెకుండేది కూడా గదే.

"ఇంట్లో పెద్దముత్తైదువో, ముసలావిడో ఉండాలయ్యా" అంటూ వైకుంఠరావు గారు వరండాలోకి వచ్చారు. బెంచీ మీద వరాలమ్మ గారు కునికిపాట్లు పడుతున్నారు.

ఉత్తర్వు పదినిమిషాల్లో టైపయింది: "శ్రీమతి వరాలమ్మను పై ఇంటికి ఇంటి పెద్దగా, మామ్మ హోదాలో నియమించడమైనది. శ్రీ నూకరాజు ఆమెకు మనుమడిగా వ్యవహరించవలెను."

"జీతముందా?" అనడిగారు ఆవిడ.

"గౌరవ హోదా అమ్మా."

"మా మేనేజరూ అదే అనేవోడు." కొంగు దులుపుకుని లేచారు. "పదండి, వేషం ఏదైతేనేం."

*

వరాలమ్మ గారు చార్జి తీసుకున్నాక ఆఫీసు నడక మారింది. వైకుంఠరావు గారు బూట్లతో గుమ్మం దాటబోతే, "నాయనా, అవి బయట. కాళ్ళు కడుక్కుని రా" అని చెంబు చూపించారు. ఆయన కడుక్కున్నారు. పక్క సెక్షను వాళ్ళు చేబదులుగా పంచదార అడగడానికి రావడం మొదలుపెట్టారు. తాతారావు ఆలస్యంగా వస్తే ఆవిడ సంతకాల పుస్తకం చూసేవారు కాదు. "ఎక్కడ తిరిగొచ్చావురా?" అని మాత్రం అడిగేవారు. తాతారావు వేళకి రావడం మొదలుపెట్టాడు.

సీతాపతి గారు మళ్ళీ తనిఖీకి వచ్చినప్పుడు ఆవిడ పెన్ను తియ్యనివ్వలేదు.

"ముందు కూచో బాబూ. ఎండనపడి వచ్చావు. కాస్త పప్పుచారుంది, తినెళ్దువుగాని. అన్నట్టు నీకు తెలిసినవాళ్ళలో పిల్లెవరైనా ఉంటే చెప్పు, మా నూకరాజుకి. డిగ్రీ చదివాడు. తెలివి వాడడు గానీ బుద్ధిమంతుడు."

సీతాపతి గారు పప్పుచారు తిన్నారు. ఉప్పు తగ్గిందన్నారు. "ఇంట్లో అలాగే ఉంటుంది, సద్దుకోవాలి" అన్నారు ఆవిడ. ఆయన చేయి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, "పరిశీలించితిని. ఇల్లే" అని రాసి పురికొస కోశారు.

అప్పటికి ఆశ్వయుజం చివరికొచ్చింది.

ముద్ర తీశాక ఇంకో నియమం బయటపడింది. ఇంటి ప్రింటరులో ఇంటివాళ్ళ ఫొటోలే తియ్యాలి. బయటివాళ్ళవి తీస్తే అది వ్యాపారం. జిల్లాలోని కళాకారులందర్నీ ఈ ఇంటికి బంధువులుగా ప్రకటించమని వైకుంఠరావు గారు పైకి రాశారు. ఆ ఫైలు ఇంకా పైనే ఉంది. కానీ వరాలమ్మ గారు ఇంటి మనిషి. ఆవిడ ఫొటోకి అడ్డమెవరూ లేరు.

ఆవిడ కొప్పు సర్దుకుని, స్టేజి మీద నిలబడ్డట్టు కొంచెం పక్కకి తిరిగి కూర్చున్నారు. నేను ఫొటో తీసి మీట నొక్కాను. మిషను గురగురమంది, దగ్గింది, మెల్లగా కాగితాన్ని కక్కింది.

బంగార్రాజు చెప్పినట్టే జరిగింది. ఎరుపు లేదు. పసుపు లేదు. నుదురు నుంచి గడ్డం దాకా వరాలమ్మ గారు నీలంగా ఉన్నారు. మిషను గొంతు కడిగితే రంగులొస్తాయేమోనన్నాను. కడగడానికి సిరా ఖర్చవుతుంది కాబట్టి దానికి వేరే మంజూరు కావాలట.

వైకుంఠరావు గారు ఫొటోని వెలుతురుకి పెట్టి చూశారు. "ఉత్తర్వులో ఏముంది? రంగు ఫొటో అని ఉంది. నీలం రంగా, కాదా?"

"రంగే సార్."

"ఎలా వచ్చిందయ్యా?" అనడిగారు వరాలమ్మ గారు. చేతికిస్తే ముక్కు దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పారు. ఆవిడకి మెరుపు తప్ప ఏమీ ఆనలేదు.

"నిగనిగలాడుతోంది మామ్మా" అన్నాను. అదీ ఉన్నమాటే. కాగితం మంచిది.

*

ఫొటో కార్డు మీద అంటించబోతుంటే వైకుంఠరావు గారి చెయ్యి ఆగిపోయింది.

"నూకరాజూ, ఈ కార్డు ఎవరికిస్తాం?"

"దిక్కులేనివాళ్ళకి సార్."

"ఈవిడకి ఇల్లుంది. ఉద్యోగం చేసే మనవడున్నాడు. నా సంతకంతోనే ఉన్నాడు. ఎలా ఇస్తానయ్యా?"

బకెట్లో చుక్క పడిన చప్పుడు వినపడింది. ఇల్లు లేకపోతే ఫొటో లేదు. ఇల్లుంటే కార్డు లేదు. మర్నాటి నుంచే శిబిరం. వరాలమ్మ గారు గోడ తడుముకుంటూ మంచం మీద కూలబడ్డారు.

కాసేపటికి ఆవిడే తలెత్తారు. "దీనికింత ఆలోచనేంటయ్యా? ముసలిదాన్ని మనవడు గెంటేస్తే దిక్కులేందే కదా?"

వైకుంఠరావు గారి ముఖం వికసించింది. వెంటనే టైపు చేయించారు: "శ్రీ నూకరాజు తన మామ్మను కార్యాలయ పనివేళలలో, సాక్షుల సమక్షమున, ఇంటినుండి వెళ్ళగొట్టవలెను. తగాదా సహజముగా ఉండవలెను."

మా ఇంట్లో పెద్దవాళ్ళ ముందు నేను గట్టిగా తుమ్మను కూడా తుమ్మను. పక్క సెక్షన్ల వాళ్ళూ, సాక్షిగా పిలిపించిన సీతాపతి గారూ గుమ్మంలో చేరారు. నేను ఉత్తర్వు చేత్తో పట్టుకుని, "మామ్మగారూ, దయచేసి బయటికి నడవండి" అన్నాను.

"అలాగా గెంటడం?" ఆవిడ గొంతు తగ్గించి కసిరారు. "గొంతు పెంచు. వేలు చూపించు. 'ముసలిదానా' అను."

"ముసలిదానా అండీ" అన్నాను.

"కర్మ! పోనీ నువ్వు నోరుమూసుకుని నిలబడు, సీను నేను లాక్కొస్తాను." అని ఆవిడ ఒక్కసారిగా జుట్టు విరబోసుకుని గుమ్మానికి అడ్డంగా పడ్డారు. "కొట్టకురా నాయనా! ఎత్తుకు పెంచిన చేతుల్రా ఇవి! గుడ్డిదాన్ని, ఈ పొద్దుకాడ ఎక్కడికి పోనురా!"

నేను ఆవిడకి ఆమడ దూరంలో ఉన్నాను. అయినా పక్క సెక్షను భ్రమరాంబ గారు వెక్కివెక్కి ఏడుస్తూ వచ్చి నా వీపు మీద ఫైలుతో కొట్టారు. తాతారావు, "అన్నయ్యా, నువ్వు మనిషివేనా?" అన్నాడు. సీతాపతి గారు కళ్ళొత్తుకుని నాకు అక్కడికక్కడే మెమో రాశారు. వైకుంఠరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "శ్రీమతి వరాలమ్మ దిక్కులేనివారని స్వయముగా చూచి ధ్రువీకరించడమైనది" అని సంతకం చేశారు. తరవాత గుండ్రటి ముద్ర తీసి, నియమం ప్రకారం ఫొటో మీద సరిగ్గా పడేలా బలంగా వేశారు. ముద్ర కింద ముక్కు, నోరు, ఒక కన్ను పోయాయి. మిగిలినచోట నీలంగా ఉంది.

ముద్ర పడగానే ఆవిడ లేచి చీర దులుపుకున్నారు. "ఎలా ఉంది?" అనడిగారు నన్ను. మొదటిసారి, అసలు వేషం దొరికిన మనిషిలా రొప్పుతున్నారు.

*

మర్నాడు ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. కిటికీ లోపలి గుమాస్తా కార్డు చూశాడు. ముఖం వైపు చూడలేదు. ముద్ర ఉందా అని చూసి, ఉందని టిక్కు పెట్టాడు.

"తోడెవరు? దగ్గర బంధువు సంతకం చెయ్యాలి. లేకపోతే థియేటర్లోకి పంపరు."

"ఆవిడకెవరూ లేరనే కదండీ ఈ కార్డు?"

"అది మీ ఆఫీసు రూలు. ఇది మా రూలు."

వరాలమ్మ గారి చెయ్యి నా మోచేతి మీద బిగుసుకుంది. వెనక వరస కదులుతోంది. గుమాస్తా మా కాగితం పక్కన పెట్టి తరవాతి పేరు పిలిచేశాడు. అప్పుడు నాకు ఫైలు గుర్తొచ్చింది. సంచిలోంచి నా నియామకపు ఉత్తర్వు తీశాను. "శ్రీ నూకరాజు ఆమెకు మనుమడిగా వ్యవహరించవలెను." గెంటెయ్యమన్నారు గాని దీన్నెవరూ రద్దు చెయ్యలేదు.

గుమాస్తా రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకదాంట్లో ఎవరూ లేరు. ఒకదాంట్లో మనవడున్నాడు. రెండింటి కిందా సంతకం ఒకరిదే.

"రెండూ సరిపోయాయి" అని ముద్ర కొట్టాడు.

కట్టు విప్పిన రోజు డాక్టరు వేళ్ళు చూపించి లెక్కపెట్టమన్నాడు. ఆవిడ లెక్కపెట్టలేదు. ముందు నన్ను చూశారు. "ఓరి, ఇంత బక్కగా ఉన్నావేంట్రా! నేను నిన్ను గెంటానంటే నమ్ముతారు గాని, నువ్వు నన్ను గెంటావంటే ఎలా నమ్మార్రా వాళ్ళు?" తరవాత చెయ్యి చాపారు. "ఏదీ నా కార్డు?"

నేను దాచబోయాను. ఆవిడ లాక్కున్నారు. ముద్ర మీది అక్షరాల్ని, ముద్ర పక్కన మిగిలిన ఆ నుదుటిని, ఆ ఒక్క కంటిని చాలాసేపు చూశారు.

"సిరా ఎండిపోయింది మామ్మా" అన్నాను. "ఎరుపు పోయింది. నీలమే మిగిలింది."

"నోర్ముయ్" అన్నారు ఆవిడ, కార్డు మీంచి చూపు తిప్పకుండా. "మా మేనేజరు బతికుండుంటే బావుణ్ణు. దండగన్నాడురా! నీ మొహానికి నీలం రంగు దండగన్నాడు!"

ఆవిడ మంచం మీద నిటారుగా కూర్చుని, ఒక చెయ్యి నడుం మీద పెట్టి, రెండో చేత్తో లేని వేణువుని పెదవుల దగ్గరికి తెచ్చుకున్నారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకోమని నర్సు అరుస్తోంది. పక్క మంచాలవాళ్ళు కళ్ళకి కట్లతోనే చెవులు రిక్కించారు.

"అలా గుడ్లప్పగించి చూస్తావేంటే? కృష్ణుడొచ్చాడు. చామరం విసరవే!" అన్నారు నాతో.

మంచానికి వేలాడుతున్న కేసు షీటు అట్ట తీసి, నేను విసరడం మొదలుపెట్టాను. అది ఏ కాగితం మీదా రాసి లేదు.